నారాలో జింక మా రైలు టికెట్ల కవరు లాక్కెళ్ళింది. మీకూ ఇలాంటివి జరిగాయా?

టోక్యో_కోడలు

అందరికీ నమస్కారం. జపాన్‌లో ఉంటున్నవాళ్ళు, పెద్దవాళ్ళని తీసుకుని ఊళ్ళు తిరిగినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. మొన్న ఏప్రిల్లో మా అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చినప్పుడు క్యోటో వెళ్ళాం. ఆఖరి రోజు, పార్కులో జింకలు జనం మధ్యే తిరిగే నారా ఊరు చూసుకుని, మళ్ళీ క్యోటో వచ్చి, రాత్రికి బుల్లెట్ ట్రైన్‌లో టోక్యో చేరాలని అనుకున్నాం.

మా మామయ్యగారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఎక్కడికెళ్ళినా ముందు కాగితం మీద టైం టేబుల్ వేయాల్సిందే. ఎన్నింటికి బయల్దేరాలి, ఏ గుళ్ళో ఎంతసేపు ఉండాలి, ఎక్కడ కూర్చుని భోంచేయాలి, రైలుకి ఎంత ముందు స్టేషన్‌లో ఉండాలి, అన్నీ గుండ్రటి అక్షరాల్లో గళ్ళు గీసి మరీ రాస్తారు. నారా కాగితం మీద ఎంత ఇష్టంగా కూర్చున్నారో నేను చూశాను. ఆ కాగితం, మా అయిదుగురి తిరుగు టికెట్లు ఒకే కవరులో పెట్టుకుని ఆయనే పట్టుకున్నారు.

తోడాయ్‌జి గుడికి వెళ్ళేదారిలో నందాయ్‌మోన్ అని పెద్ద చెక్క ద్వారం ఉంటుంది కదా. దానికి రెండు పక్కలా ద్వారపాలకుల విగ్రహాలు, ఒక్కోటి 8 మీటర్ల పైనే ఎత్తు, 1203లో చెక్కినవి. మామయ్యగారు వాటిని చూస్తూ అలాగే నిలబడిపోయారు. మన పెద్దవాళ్ళు నిలబడే తీరు తెలుసుగా, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఆ చేతుల్లో కవరు. వెనక నుంచి ఎవరో కవరు లాగుతున్నారు. ఆయన తల తిప్పకుండానే "ఆగరా నాన్నా, లాగితే చిరిగిపోతుంది" అంటున్నారు. మళ్ళీ లాగుడు. "చెప్తుంటే అర్థం కావట్లేదా, ఇస్తానన్నానా" అని ఈసారి కాస్త గట్టిగానే అన్నారు. అప్పుడు మావాడు ఆయన ముందుకి వచ్చి "తాతా, నేనిక్కడున్నాను" అన్నాడు.

ఆయన మెల్లగా వెనక్కి తిరిగి చూశారు. కొమ్ముల్లేని ఆడజింక ఒకటి, కవరు అంచు పెదాల మధ్య పట్టుకుని, ఎంతో ఓపిగ్గా లాగుతోంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఒక్క క్షణం ఆయన పట్టు సడలింది, అంతే, కవరు దాని నోట్లోకి వెళ్ళిపోయింది.

మిగతాది బాబుని పడుకోబెట్టి వచ్చి రాస్తాను.

ఒసాకా_బావ

అయ్యో, అక్కడ ఆపేస్తే ఎలాగండీ! టికెట్లు దొరికాయా లేదా, అదొక్కటి చెప్పి పడుకోబెట్టండి.

నందాయ్‌మోన్ దగ్గర జింకలు మిగతాచోట్ల జింకల్లాంటివి కావు. పొద్దున్నుంచీ జనం బిస్కెట్లు పట్టుకుని అటే నడుస్తారు కాబట్టి చేతిలో ఏది కనిపించినా తమకోసమే తెచ్చారనుకుంటాయి. మా అమ్మావాళ్ళు వచ్చినప్పుడు స్టేషన్‌లో తీసుకున్న మ్యాపు మా నాన్న చంకలో పెట్టుకుంటే అదీ పోయింది. మ్యాపు మళ్ళీ తెచ్చుకున్నాం కాబట్టి సరిపోయింది. టికెట్లంటే మాత్రం గుండె ఆగిపోతుంది.

డాలస్_అత్తయ్య

మీ మామయ్యగారు "ఇస్తానన్నానా" అనడం చదివి గట్టిగా నవ్వేశాను, మా అబ్బాయి వచ్చి ఏమైందమ్మా అని అడిగాడు. తొందరగా వచ్చి రాయమ్మా.

టోక్యో_కోడలు

వచ్చానండీ.

కవరు నోట కరుచుకున్న జింక పరిగెత్తలేదు. అదే ఇంకా కష్టమైంది. నింపాదిగా నడుస్తూ, నములుతూ, మేం దగ్గరికెళ్తే నాలుగడుగులు ముందుకి వేస్తూ పోతోంది. మా ఆయన దాని వెనక పడ్డారు. ఆఫీసులో రోజంతా జపనీస్ మాట్లాడే అలవాటు కదా, ఆ కంగారులో జింకతో కూడా "సుమిమాసేన్, సుమిమాసేన్" (క్షమించండి, క్షమించండి) అంటూ పరిగెడుతున్నారు. ఎదురుగా వస్తున్న స్కూలు పిల్లలు పక్కకి జరిగి ఆయనకీ జింకకీ దారిచ్చారు.

ఇటు చూస్తే అత్తయ్యగారిది వేరే కథ. ఆవిడ చేతిలో అప్పుడే కొన్న షికా సెంబే కట్ట ఉంది, జింకల కోసం అక్కడ అమ్మే బిస్కెట్లు, మేం కొన్నప్పుడు కట్ట 200 యెన్‌లు. చుట్టూ జింకలు మూగాయి. ఒకటి తల వంచింది. ఆవిడ భక్తిగా రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టారు. అది మళ్ళీ తల వంచింది. ఆవిడ మళ్ళీ దణ్ణం. "చూశావా, దణ్ణం పెడితే అదీ పెడుతోంది!" అని నన్ను పిలుస్తున్నారు. ఇంతలో వెనక నిలబడ్డ ఇంకొకటి చీర కొంగు నోట్లో పెట్టుకుంది. నేనేమో ఒక చేత్తో బాబుని పట్టుకుని, రెండో చేత్తో కొంగు లాగుతూ, మా ఆయన ఎటు పోయారో అని మెడ చాచి చూస్తున్నాను.

మమ్మల్ని గట్టెక్కించింది బిస్కెట్లమ్మే బామ్మ. ఆవిడ బండి దగ్గర నుంచి లేవలేదు, అరవలేదు. ఒక బిస్కెట్ తీసి ఫట్‌మని విరిచింది. ఆ చప్పుడుకి మా జింక ఆగింది, చెవులు ఇటు తిప్పింది, వచ్చేసింది. బామ్మ బిస్కెట్ ముక్క చూపించింది. అది తీసుకోవాలంటే నోరు తెరవాలి కదా! కవరు కింద పడింది. మా ఆయన దాన్ని అందుకునేసరికి బామ్మ చేతిలో రెండో ముక్క కూడా అయిపోయింది.

తెరిచి చూస్తే టికెట్లు అయిదూ ఉన్నాయి. నాలుగు తడిసి మెత్తబడ్డాయి. బాబుది, పిల్లల సగం టికెట్, ఒక మూల పూర్తిగా లేదు. మామయ్యగారి కాగితం మాత్రం అడ్డంగా చిరిగింది. పై సగం మిగిలింది. చివర ఉన్న గడి "12:00 – భోజనం". ఆ తర్వాతదంతా జింక తినేసింది.

ఒసాకా_బావ

మధ్యాహ్నం ప్రోగ్రాం మొత్తం జింక పొట్టలోకా! మామయ్యగారు ఏమన్నారు?

నగోయా_ఇంజినీర్

నవ్వొచ్చే విషయమే కానీ ఒకటి రెండు పనికొచ్చే సంగతులు చెప్తాను, ఇక ముందు వెళ్ళేవాళ్ళకి ఉపయోగపడతాయి.

కాగితం టికెట్ పూర్తిగా పోతే ఇక్కడ మళ్ళీ డబ్బు పెట్టి కొనుక్కోవాలి. కొత్తదాని మీద పోగొట్టుకుని మళ్ళీ కొన్నట్టు ముద్ర వేయించుకుని, దిగేచోట ధ్రువీకరణ తీసుకుని ఉంచుకుంటే, పాతది ఏడాదిలోగా దొరికినప్పుడు కొంత రుసుం పట్టుకుని మిగతాది తిరిగి ఇస్తారు. జింక తిన్నది ఇక దొరకదు కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే. అందుకే చిరిగినా, తడిసినా, ముక్క మిగిలితే పారేయకండి. దాని మీద తేదీ, రైలు, సీటు నంబరు కనిపిస్తున్నాయంటే అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. ఆటోమేటిక్ గేటులో మాత్రం పెట్టకండి, ఇరుక్కుంటుంది. మనిషి ఉండే గేటుకి వెళ్ళండి.

అసలు భయపడాల్సింది టికెట్ల గురించి కాదు. మన దగ్గర రెసిడెన్స్ కార్డు ఎప్పుడూ ఉండాలి, లేకపోతే 2 లక్షల యెన్‌ల వరకు జరిమానా పడొచ్చు. చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్ళయితే పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోవాలి. పెద్దవాళ్ళు పాస్‌పోర్టు, టికెట్లు, మందుల చీటీ అన్నీ కలిపి ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టి చేత్తో పట్టుకుని తిరుగుతారు, మా నాన్నగారిదీ అదే అలవాటు. నారాలో ఆ కవరు చేతిలో ఉండకూడదు. జిప్పున్న సంచీలో, ఒంటికి ముందువైపు ఉండాలి.

టోక్యో_కోడలు

నగోయా గారూ, మీరు చెప్పినట్టే జరిగింది. క్యోటోలో బుల్లెట్ ట్రైన్ గేటు దగ్గర మనిషి ఉన్న కౌంటరుకి వెళ్ళాం. ఆ అబ్బాయి బాబు టికెట్‌ని రెండు చేతులతో తీసుకుని, చిరిగిన మూల చూసి, మా మొహాలు చూసి, "నారా?" అని ఒక్క మాట అడిగాడు. అవునన్నాం. ఇంకేం అడగలేదు. కంప్యూటర్లో చూసుకుని, ముద్ర వేసి, చిన్న పారదర్శక కవరులో పెట్టి, టోక్యోలో కూడా మనిషి ఉన్న గేటు నుంచే బయటికి వెళ్ళమని చెప్పాడు. మావాడు ధైర్యం చేసి "జింక తినేసింది" అని జపనీస్‌లో చెప్తే, ఆ అబ్బాయి నవ్వు ఆపుకుంటూ "రుచిగా ఉండి ఉంటుంది" అన్నాడట. వాడు రైలంతా అదే చెప్పాడు.

మామయ్యగారి సంగతి కూడా చెప్తాను, కాస్త ఆగండి, అది వేరే పెద్ద విషయం.

పశువైద్యం_చదివాను

నేను వెటర్నరీ చదివినదాన్ని, ప్రస్తుతం సపోరోలో ఉంటున్నాను. ఈ చర్చ చదువుతూ నవ్వుకున్నాను, కానీ జింక వైపు నుంచి కూడా రెండు మాటలు చెప్పాలి.

జింకకి ఆవు, మేకల్లాగే పై దవడలో ముందు పళ్ళు ఉండవు, గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. అందుకే అది కాగితాన్ని కొరికి తెంపదు, పట్టుకుని లాగుతుంది. మామయ్యగారికి మనవడు లాగినట్టు అనిపించడానికి కారణం ఇదే. నెమరువేసే జంతువు కాబట్టి గడ్డి లాంటి పీచు అరుగుతుంది, మామూలు కాగితం కొంచెం పోతే పెద్ద ప్రమాదం రాకపోవచ్చు. కానీ రైలు టికెట్ వెనక అయస్కాంతపు పూత ఉంటుంది, కవర్లకి జిగురు, ప్లాస్టిక్ కిటికీ ఉంటాయి. అవి వాటి ఒంటికి మంచివి కావు.

2019లో నారాలో చనిపోయిన జింకల్ని పరీక్షిస్తే తొమ్మిదింటి పొట్టలో ప్లాస్టిక్ బయటపడింది. అన్నిటికన్నా పెద్ద ముద్ద 4.3 కిలోలు. నెమరువేసే జంతువు పొట్టలో ప్లాస్టిక్ చేరితే అది కిందకి పోదు, పైకి రాదు. పొట్ట నిండుగా ఉన్నట్టు అనిపించి మేత మానేసి చిక్కిపోతుంది. ఆ ఫోటోలు చూశాక నేను నారా వెళ్తే చేతిలో చాక్లెట్ రేపర్ కూడా ఉంచుకోను. షికా సెంబే మాత్రం బియ్యం తవుడు, గోధుమపిండితో చేస్తారు, చక్కెర ఉండదు, కట్టకి చుట్టిన కాగితపు పట్టీ కూడా జింక తిన్నా ఇబ్బంది లేనిదే వాడతారు. మనం తినేవి ఏవీ పెట్టకండి.

గట్టిగా_మాట్లాడేవాణ్ణి

అందరూ నవ్వుతున్నారు, నాకు మాత్రం భయమేసింది. పెద్దాయన వెనక్కి తిరిగే కంగారులో పడి తుంటి ఎముక విరిగి ఉంటే? ఆ పార్కులో బోర్డులు ఊరికే పెట్టలేదు. కరుస్తుంది, తన్నుతుంది, పొడుస్తుంది, తోసి పడేస్తుంది అని నాలుగు బొమ్మలు వేసి మరీ పెట్టారు. తోసి పడేసే బొమ్మలో ఉన్నది పెద్దావిడే. మా పక్కింటి వాళ్ళమ్మాయి బిస్కెట్ పైకెత్తి పట్టుకుని ఫోటోకి పోజిస్తుంటే నడుం దగ్గర కరిచింది, నీలం మచ్చ చాలా రోజులు పోలేదు. ఇవి పెంపుడు జంతువులు కావు. అడవి జంతువులు. ఎవరో పెంచుతున్నారని మనవాళ్ళు అనుకుంటారు.

టోక్యో_కోడలు

మీ భయం నాకు అర్థమైంది, నిజంగా. ఇంటికొచ్చాక ఆ రాత్రి నాకూ అదే ఆలోచన. ఆయన నిలబడింది చదునైన నేల మీద కాబట్టి, జింక కూడా పొడిచే రకం కాదు కాబట్టి ఇవాళ ఇలా నవ్వుకుంటున్నాం. మీరు రాసింది అందరూ చదవాలి.

బిస్కెట్లమ్మే బామ్మ మాకు నేర్పింది ఒకటి ఉంది, అది చాలా పని చేసింది. బిస్కెట్లు అయిపోగానే రెండు అరచేతులూ చాచి ఖాళీ అని చూపించాలి. చూపిస్తే ముప్పావువంతు జింకలు వెంటనే వెళ్ళిపోయాయి. ఇంకోటి, ఊరించకూడదు, అడగ్గానే పెట్టేయాలి. చేయి వెనక్కి లాక్కుంటేనే వాటికి కోపం వస్తుందట. అప్పటినుంచి అత్తయ్యగారు ప్రతి జింకకీ దణ్ణం పెట్టి, అరచేతులు చూపించి, మళ్ళీ దణ్ణం పెట్టి పంపించారు.

పుస్తకాల_పురుగు

కాగితం తిన్న జింక అనగానే నాకు కొఫుకుజి గుడి దగ్గర చెప్పే కథ గుర్తొచ్చింది. నవ్వే కథ కాదు, అయినా చెప్తాను.

పూర్వం ఆ గుడికి చెందిన బొదాయి-ఇన్ అనే చోట సన్సాకు అని ఒక పిల్లాడు అక్షరాలు దిద్దుకుంటున్నాడట. జింక లోపలికి వచ్చి వాడు రాసుకున్న కాగితం తినేసింది. వాడు దాన్ని తరమడానికి కాగితాల మీద పెట్టే బరువు విసిరాడు. తగలరాని చోట తగిలి జింక చచ్చిపోయింది. అప్పట్లో నారా జింకలు దేవుడి దూతలు, చంపితే మరణశిక్ష. ఆ పిల్లాణ్ణి, చనిపోయిన జింకతో కలిపి, గోతిలో పెట్టి రాళ్ళతో పూడ్చేశారని కథ. వాడికి పదమూడేళ్ళంటారు. ఇప్పటికీ అక్కడ సన్సాకుదని ఒక చోటు చూపిస్తారు. వాళ్ళమ్మ అక్కడ మేపుల్ చెట్టు నాటిందని, జింకని మేపుల్ ఆకుల్తో కలిపి బొమ్మలు వేయడం అందుకేనని కూడా చెప్తారు. చరిత్రలో నిజంగా జరిగిందా లేదా అనేది పక్కన పెడితే, జింకలు కాగితాలు తినడం మాత్రం నారాలో ఎంత పాతదో చూడండి.

జింకలు పవిత్రం అవడానికి కారణం కసుగా గుడి. కషిమా నుంచి ఆ దేవుడు తెల్ల జింక మీద ఎక్కి వచ్చాడని నమ్మకం. అంత భద్రంగా చూసుకున్న జింకలు కూడా యుద్ధం అయిపోయేసరికి, 1945లో, 79 మాత్రమే మిగిలాయి. 1957లో వాటిని సహజ సంపదగా ప్రకటించి కాపాడుకుంటూ వచ్చారు. 2024 జూలైలో పార్కులో లెక్కపెడితే 1,325 తేలాయి.

ఒసాకా_బావ

ఆ పిల్లాడి కథ నాకు తెలీదు. ఆ వీధిలో ఎన్నోసార్లు నడిచాను, చూడనేలేదు. ఈసారి వెళ్ళినప్పుడు తప్పకుండా ఆగుతాను.

డాలస్_అత్తయ్య

మనసు కలుక్కుమంది. ఆ తల్లి ఏమైపోయి ఉంటుందో.

సరే, నేనూ ఒకటి చెప్తాను, కాస్త తేలికైనది. యెల్లోస్టోన్ వెళ్ళినప్పుడు మా వాళ్ళందరూ ఎలుగుబంట్ల గురించే టెన్షన్ పడ్డారు. ఎలుగుబంటికి, తోడేలుకి 100 గజాలు, అడవిదున్నలాంటి మిగతావాటికి 25 గజాల దూరం ఉండాలని అక్కడ రూలు. మావారు ప్రతి మలుపులోనూ అదే చదివి వినిపించారు. మాకు ఎలుగుబంటి కనపడలేదు. కనపడింది పెద్ద కాకి, రేవెన్ అంటారు. బల్ల మీద పెట్టిన బ్యాగు జిప్పు లాగి తెరిచింది. నేను కళ్ళారా చూశాను, జిప్పుకున్న పిడిని ముక్కుతో పట్టుకుని పక్కకి లాగడం. లోపల తినేవి ఉన్నా వాటి జోలికి పోలేదు, మెరుస్తున్న మావారి కళ్ళద్దాల డబ్బా పట్టుకుపోయింది. చెట్టు కింద వెతికితే డబ్బా దొరికింది, అద్దాలు క్షేమం. అక్కడ కాకులు మంచు బండ్లకి కట్టిన సంచులు తెరవడం కూడా నేర్చేసుకున్నాయని మాకు రేంజర్ చెప్పారు. మావారు ఆ తర్వాత రోజంతా అద్దాలు మెడకి తాడు కట్టుకుని తిరిగారు.

కోడలమ్మా, మామయ్యగారి సంగతి బాకీ ఉన్నావు.

టోక్యో_కోడలు

మర్చిపోలేదు పిన్నిగారూ. అసలు నేను ఈ చర్చ మొదలుపెట్టిందే దానికోసం.

ఆ సగం కాగితం చేత్తో పట్టుకుని ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకు భయమేసింది, కోపం వచ్చిందేమో, లేక బాధపడుతున్నారేమో అని. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను, ఆయన ఏ ప్రయాణంలోనైనా గడియారం చూసుకుంటూ అందరికన్నా ముందు నడుస్తారు. అందరినీ వేళకి చేర్చడం తన బాధ్యత అనుకుంటారు. చూడ్డానికి వెళ్ళిన చోటు ఆయన ఎప్పుడైనా తీరిగ్గా చూశారా అంటే నాకు అనుమానమే. అలాంటి మనిషి కాగితం మడిచి జేబులో పెట్టుకుని మా ఆయనతో "ఇప్పుడేం చేద్దాంరా?" అన్నారు. నా పెళ్ళయ్యాక ఆ మాట ఆయన నోటి వెంట వినడం అదే మొదలు.

మా ఆయనకి కూడా ఏం చెప్పాలో తోచలేదు. అత్తయ్యగారే "కాసేపు కూర్చుందాం" అన్నారు. కూర్చున్నాం. తర్వాత తోడాయ్‌జి గుళ్ళో పెద్ద బుద్ధుణ్ణి చూశాం, కూర్చున్న విగ్రహమే దాదాపు 15 మీటర్లు ఉంటుంది. టైం టేబుల్లో దానికి ఎంత రాశారో ఎవరికీ గుర్తులేదు కాబట్టి ఎవరూ తొందరపెట్టలేదు. మామయ్యగారు విగ్రహం చుట్టూ నెమ్మదిగా తిరిగి, మళ్ళీ మొదటికొచ్చి, ఇంకోసారి తిరిగారు. సాయంత్రం జనం వెళ్తున్న వైపు మేమూ మెట్లెక్కి, ఆ గుడిదే నిగత్సుడో అనే మందిరం చేరాం. కొండవాలు మీద చెక్క వరండా, కింద ఊరంతా కనిపిస్తుంది, టికెట్ కూడా లేదు. అది మా కాగితంలో ఉందో లేదో కూడా తెలీదు. ఆయన మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వరండాకి వేలాడే లాంతర్లు లెక్కపెట్టించారు, ఎక్కాలు అడిగారు, వాడు తప్పు చెప్తే నవ్వారు.

మా ఆయన నాతో మెల్లగా "నాన్న నవ్వితే ఇలా ఉంటారని మర్చిపోయాను" అన్నారు.

ఇప్పుడు వాళ్ళు తిరిగి వెళ్ళిపోయారు. ఫోన్ చేస్తే క్యోటోలో చూసిన వాటి గురించి రెండు మాటలు, నారా గురించి అరగంట. వచ్చిన చుట్టాలకి ఆ సగం కాగితం చూపిస్తున్నారట.

పుస్తకాల_పురుగు

చాలా బాగా రాశారండీ. మామయ్యగారికి ఒక విషయం చెప్పండి, ఆయనకి నచ్చుతుంది. ఆయన చుట్టూ తిరిగిన ఆ బుద్ధుడికి 752లో కళ్ళు దిద్దింది మన భారతదేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడు అనే భిక్షువు. 736లో సముద్రం దాటి జపాన్ చేరుకున్నాడు, చంపా (ఇప్పటి వియత్నాం వైపు) నుంచి ఒక భిక్షువు, చైనా నుంచి ఒక భిక్షువు కూడా తోడున్నారు. కళ్ళు దిద్దే రోజు ఆయన పట్టుకున్న కుంచెకి పొడవాటి పట్టుతాడు కట్టి, దాన్ని వచ్చినవాళ్ళందరూ పట్టుకున్నారు, అందరూ కలిసి కళ్ళు దిద్దినట్టు లెక్క. ఆ కుంచె, ఆ తాడు ఇప్పటికీ షోసోయిన్ భాండాగారంలో ఉన్నాయి. ఆ రోజుల్లో అక్కడికి వెళ్ళి, తిరిగి రాకుండా అక్కడే కన్నుమూసిన మనిషి. విదేశాల్లో బతుకుతున్న మనం తప్పకుండా తెలుసుకోవాల్సిన పేరు.

టోక్యో_కోడలు

ఇప్పుడే ఫోన్లో చదివి వినిపించాను. "752 అంటే ఎన్నేళ్ళయింది?" అని మనవణ్ణి అడిగారు. వాడు వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు. మీకు చాలా థాంక్స్ అండీ.

కొత్తగా_వచ్చాను

నేను కోబేకి వచ్చి కొన్నాళ్ళే అయింది. నవంబర్లో మా అమ్మని తీసుకుని నారా వెళ్ళాలని టికెట్లు చూస్తున్నాను, సరిగ్గా ఇది కంటపడింది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. జింకలంటే ఇష్టమే కానీ ఇవన్నీ చదివాక కాస్త భయపడుతోంది. ఏ దారిలో వెళ్తే మంచిది? ఆ మెట్లు అమ్మ ఎక్కగలదా?

ఒసాకా_బావ

తమ్ముడూ, కింతెత్సు నారా స్టేషన్‌లో దిగు, పార్కుకి అదే దగ్గర. వేరే లైన్ స్టేషన్లో దిగితే చాలా దూరం నడవాలి. కింతెత్సు నుంచి తోడాయ్‌జికి నిదానంగా నడిస్తే ఇరవై నిమిషాలు, కొంచెం ఎత్తుగా ఉంటుంది కానీ మెట్లు లేవు, బస్సు కూడా ఉంది. నిగత్సుడోకి మాత్రం మెట్లున్నాయి. మోకాళ్ళ నొప్పి గట్టిగా ఉంటే వద్దు.

జింకల కోసం నందాయ్‌మోన్ గుంపులోకి అమ్మని తీసుకెళ్ళకు. తొబిహినో అని విశాలమైన పచ్చిక మైదానం ఉంది, కసుగా గుడి దారిలో. అక్కడ జింకలు మేస్తూ, పడుకుని ఉంటాయి, దూరంగా కూర్చుని చూడొచ్చు. మా అమ్మకి అక్కడే బాగా నచ్చింది.

పశువైద్యం_చదివాను

నవంబర్ అన్నారు కాబట్టి ఒక జాగ్రత్త. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా మగజింకలు ఎదలో ఉంటాయి, చిరాగ్గా ఉంటాయి. అక్టోబర్లో చాలావాటికి కొమ్ములు కోసేస్తారు, ఆ వేడుక 1600ల నుంచి జరుగుతోంది, అయినా కొమ్ములున్నవి కొన్ని మిగులుతాయి. వాటికి అమ్మని దూరంగా ఉంచండి. కొమ్ములు లేకపోయినా మెడ మీద జూలు పెరిగి, బురద పూసుకుని, గట్టిగా అరుస్తూ కనిపించే జింక మగదే, పక్కకి వెళ్ళిపోండి. మే నుంచి జూలై వరకైతే పిల్లతల్లులతో జాగ్రత్త. అమ్మ బిస్కెట్లు పెట్టాలనుకుంటే కట్ట మీరు పట్టుకుని ఒక్కొక్కటి చేతికివ్వండి. అప్పుడు గుంపు మీ మీద పడుతుంది, ఆవిడ మీద పడదు.

గట్టిగా_మాట్లాడేవాణ్ణి

చేతికర్ర ఉంటే తీసుకెళ్ళండి. కాగితాలేవీ చేతిలో వద్దు. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచండి, జిప్పు వేసి.

కొత్తగా_వచ్చాను

అందరికీ చాలా థాంక్స్. అమ్మకి అన్నీ చదివి వినిపించాను. తొబిహినో ఖాయం చేసుకున్నాం, నిగత్సుడో మోకాళ్ళు ఎలా ఉన్నాయో చూసుకుని అక్కడే తేల్చుకుంటాం. నడుముకి కట్టుకునే జిప్పు సంచీ ఇవాళే ఆర్డర్ పెట్టాను. కొంగు దోపుకోవడానికి పిన్నులు తనే తెచ్చుకుంటానంది.